ఆయన అడిగిన రంగు

కంటికట్టు విప్పడానికి డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. కుర్చీలో కూర్చున్న చిత్రకారుడు ఆ వయసులో చిన్నపిల్లాడిలా కాళ్ళు ఊపుతున్నాడు. పక్కన నిలబడ్డ ఆయన భార్యకి మాత్రం ఆ కట్టు ఇంకో నాలుగు రోజులు ఊడకపోతే బాగుండునని ఉంది. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకుంది కూడా. ఆయన్ని ఆపరేషన్‌కి ఒప్పించిందీ, బతిమాలిందీ, చివరికి వంట మానేసి మొండికేసిందీ ఆవిడే. తీరా చూపు వచ్చే వేళకి భయపడుతున్నదీ ఆవిడే.

సంగతి దాచడమెందుకు, ముందే చెప్పేస్తే పోతుంది. ఆ కంటితో ఆయన కాసేపట్లో చూడబోయే బొమ్మలు, ఆయన వేశాననుకుంటున్న బొమ్మలు కావు. గీత ఆయనదే, కుంచె ఆయనదే, సంతకమూ ఆయనదే. రంగులు మాత్రం ఆవిడవి. దాదాపు పదేళ్ళుగా ఆ ఇంట్లో ఈ వ్యవహారం నడుస్తోంది, ఆయనకి తెలియదు. ఆ సాయంత్రమే ఊళ్ళోని పెద్ద ప్రదర్శనశాలలో ఆయన పనంతా, కుర్రతనం నుంచి నిన్నమొన్నటి దాకా, నాలుగు గదుల్లో జనం ముందుకి రాబోతోంది. తనకి నచ్చని తన బొమ్మల్ని ఆయన ఏం చేస్తాడో ఆవిడకి బాగా తెలుసు. ఒకసారి కళ్ళారా చూసింది.

అసలీ తంటా అంతా ఒక పాత అలవాటు తెచ్చిపెట్టింది. మొదట్లో ఆయన సినిమా హోర్డింగులు వేసేవాడు. మేడంత ఎత్తున కర్రల పరంజా, దాని మీద అడ్డంగా ఒక పలక, ఆ పలక మీద ఈయన. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి కిందికి చూడకుండా పనిచేయడం నేర్చుకున్నాడు. రంగు డబ్బాలు నడుము దగ్గర ఒకే వరసలో వేలాడేవి. ఎడమ చివర తెలుపు, ఆ తర్వాత పసుపు, ఎరుపు, ఇటుకరంగు, గోధుమరంగు, ఆకుపచ్చ, నీలం, ఊదా, కుడి చివర నలుపు. చెయ్యి దానంతటదే వెళ్ళి కావలసిన డబ్బాలో ముంచుకొచ్చేది, కన్ను బొమ్మని వదిలేది కాదు. కింద నిలబడి రంగులు కలిపి, తాడు కట్టి పైకి పంపేది ఆ హోర్డింగుల కార్ఖానా యజమాని కూతురు. ఒక ఎండాకాలమంతా పైనుంచి ఆయన అరవడం, కిందినుంచి ఆవిడ పంపడం. చివరికి యజమాని ఇద్దరికీ పెళ్ళి చేసి, ఇక ఆ అరుపులేవో ఇంట్లోనే అరుచుకోమని చేతులు దులుపుకున్నాడు.

తర్వాత అచ్చు వేసిన హోర్డింగులొచ్చి చేతిపనిని ఊడ్చిపెట్టేశాయి. ఆయన డబ్బున్నవాళ్ళ ముఖచిత్రాలు వేయడం మొదలుపెట్టాడు. ముక్కు మీద మొటిమ ఉంటే మొటిమతో సహా వేసేవాడు. తీసెయ్యమని అడిగిన ఒక బట్టలకొట్టు ఆసామికి, మొటిమలు తీయడం డాక్టరు పని, తన పని కాదని చెప్పి పంపేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఆయనకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఎక్కలేదో, ఆ బేరాలన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. అప్పుడు కిటికీలు పట్టుకున్నాడు. ఆఫీసు కిటికీలో గుమాస్తా మెడ, బస్సు కిటికీ మీద వాన, ఎదురింటి కిటికీలోంచి కనబడే మేడమెట్లు. వాటితో పేరొచ్చింది. పేరొచ్చిందో లేదో విసుగూ వచ్చింది. రంగంటేనే మోసమని, ఇక నల్లగీత తప్ప ఇంకేదీ వేయనని భీష్మించుకున్నాడు. అయిదారేళ్ళు ఆ ఇంట్లో గీతలే గీతలు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి లేచి, ఆ గీతలన్నీ ఒట్టి డాంబికం అన్నాడు. గోడలకి వేసే తెల్లరంగు బకెట్టుతో తెచ్చి, ఇంట్లో ఉన్న గీతల బొమ్మలన్నిటి మీదా రోలరు తిప్పేశాడు. ఆవిడ రెండింటిని మంచం కిందికి తోసి కాపాడగలిగింది. మిగతావన్నీ కొత్తగా కట్టిన గోడల్లా తెల్లగా, బోడిగా నిలబడ్డాయి. ఆయన చేతులు కడుక్కుని హాయిగా నిద్రపోయాడు. ఆవిడకి మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు. కొత్త పద్ధతి పట్టుకున్నప్పుడల్లా పాతదాన్ని చంపితే గానీ ఆయన చెయ్యి కదలదని ఆ రోజే ఆవిడకి అర్థమైంది.

మళ్ళీ రంగుల్లోకి దిగినప్పుడు హోర్డింగు నాటి వరసే తెచ్చుకున్నాడు. ఒక పెద్ద గాజుపలక, దాని మీద ఎడమ నుంచి కుడికి అవే చోట్లు. తెల్లవారగానే ఆవిడ ట్యూబుల్లోంచి రంగులు ఆ చోట్లలో పిండి పెట్టాలి. ఆయన వచ్చి కూర్చుని, పలక వైపు తల తిప్పకుండా కుంచె ముంచి, కలపడం కూడా బొమ్మ మీదే కలిపేవాడు. చోటు తెలిస్తే చాలు, చూడటమెందుకు అనేవాడు.

కళ్ళలో శుక్లం మెల్లమెల్లగా కమ్ముకొచ్చింది కాబట్టి అది వచ్చినట్టే ఆయనకి తెలియలేదు. తెల్లగోడ పచ్చగా కనబడితే గోడ పాతబడిందన్నాడు. నీలం కనబడకపోతే ట్యూబుల్లో కల్తీ అన్నాడు. పేపరు అక్షరాలు ఆనకపోతే సిరా దగ్గర పిసినారితనం అన్నాడు. లోకమంతా చెడిపోయింది గానీ ఆయన కళ్ళు మాత్రం దివ్యంగా ఉన్నాయి. ఒకసారి చూపించుకోకూడదా అని ఆవిడ మొదటిసారి అడిగినప్పుడు వారం రోజులు మాట్లాడలేదు. రెండోసారి అడిగితే కుంచెలన్నీ కట్టగట్టి పెరట్లోకి విసిరేశాడు. మూడోసారి ఆవిడ అడగలేదు.

ఈలోగా బొమ్మలు తడిసిన గోనెసంచుల్లా తయారయ్యాయి. ఎక్కడ చూసినా బురద రంగు. వాటిని అమ్మిపెట్టే గ్యాలరీ యజమాని మెత్తటి మనిషి, బాగాలేదని చెప్పలేక, కాస్త గంభీరంగా ఉన్నాయని చెప్పి వెనక్కి పంపేవాడు. ఆయన వెనక్కొచ్చిన బొమ్మల ముందు కూర్చుని, కుంచె చేతిలో వేలాడేసుకుని, ఏం తగ్గిందో అర్థంకాక అలా చూస్తూ ఉండేవాడు. అన్నిటికీ అరిచే మనిషి అరవడం మానేస్తే ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడ అప్పుడు చూసింది. ఆ జాలి భరించడం ఆవిడ వల్ల కాలేదు.

ఒక ఉదయం గోధుమరంగు ట్యూబు అయిపోయింది. కొట్టు తెరిచాక తెప్పిద్దాంలే అనుకుని, ఆ చోటు ఖాళీగా ఉంటే ఆయన కేకలేస్తాడని, చేతికందిన ముదురునీలం పిండి పెట్టింది. ఆయన ఆ రోజు పెందలాడే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ చెబుదామని నోరు తెరిచేలోపే కుంచె ముంచి ఒక గోడ మొత్తం లాగేశాడు. బురదలో మునిగిన ఆ బొమ్మలో గోడ ఒక్కటీ లోతుగా, చల్లగా, సాయంత్రం వేళ ఆకాశంలా వెలిగింది. ఆయన వెనక్కి వాలి చూసి, ఇవాళ గోధుమరంగు భలే పలికిందన్నాడు. ఆవిడ వంటగదిలోకి వెళ్ళి కొళాయి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ బొమ్మ చూసిన గ్యాలరీ యజమానికి నెత్తిన పాలు పోసినట్టయింది. ఇంకొకటి కావాలన్నాడు. ఆవిడ ఇంకొకటి వేయించింది. అబద్ధంతో చిక్కు ఏమిటంటే మొదటిసారే చెయ్యి వణుకుతుంది, ఆ తర్వాత అదీ అంట్లు తోమడంలా ఇంటిపనిలో కలిసిపోతుంది. రోజూ ఆయన పడుకున్నాక బొమ్మ ముందు కూర్చుని, రేపు ఈయన ఎక్కడ చెయ్యి పెడతాడు, అక్కడ ఏం ఉంటే బాగుంటుంది అని ఆలోచించేది. తెల్లారాక నలుపు చోట ఊదా, ఇటుకరంగు చోట నీలం, పసుపు చోట లేత ఆకుపచ్చ. ఆలోచించేటప్పుడు ఆవిడకి భయం వేసేది, దానితోపాటు సంతోషమూ వేసేది. ఆ సంతోషం సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ప్రదర్శనలు మొదలయ్యే రోజున జనంలో నిలబడటం ఆయనకి మొదటినుంచీ పడదు కాబట్టి గండం గడిచేది. పత్రికల్లో వచ్చిన మెచ్చుకోళ్ళు ఆవిడే చదివి వినిపించేది, 'ఊదా నీడలు' అని ఉన్నచోట 'నీడలు' అని చదివి పేజీ తిప్పేసేది. ఒకసారి గ్యాలరీ యజమాని ఇంటికొచ్చి ఆ నీలాలు అంటూ ఎత్తుకోగానే, ఆవిడ చేతిలోని టీ కప్పులు పళ్ళెంతో సహా కిందపడ్డాయి. తన ఇంట్లో కప్పులు ఎందుకంత తరచుగా పగులుతాయో ఆయనకి ఎన్నడూ అంతుబట్టలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు కాలం అలా సాగిపోయింది.

పోయినవారం ఆవిడ తమ్ముడు ఎలాగో మాయమాటలు చెప్పి ఆయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఆవిడని ఒక్కదాన్నే బయటికి పిలిచింది. శుక్లం ముదిరిపోయిందని, కుడికంటిలో ఒత్తిడి పెరుగుతోందని, వెంటనే తీసేయకపోతే ఆ కన్ను ఇక ఎవరూ తెప్పించలేరని చెప్పింది. ఎడమకన్ను కొన్నాళ్ళు ఆగవచ్చట. ఆవిడ ఆ వరండా బల్ల మీద కూర్చుని రెండు దారులూ చూసుకుంది. ఊరుకుంటే ఆయన తను వేశాననుకున్న బొమ్మలతోనే మెల్లగా గుడ్డివాడవుతాడు, ఆవిడ గుట్టు గుట్టుగానే ఉంటుంది. చేయిస్తే ఆయన చూస్తాడు. లేచి వెళ్ళి, ఎప్పుడు చేస్తారని అడిగింది. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు అన్నట్టు, ప్రదర్శన ముందురోజే ఆపరేషన్ కుదిరింది.

ఇదిగో, ఇప్పుడు డాక్టరమ్మ కట్టు విప్పింది.

ఆయన ఆ కన్ను చిట్లించి తెరిచాడు. గోడని చూశాడు, కిటికీని చూశాడు, డాక్టరమ్మ కోటుని చూశాడు. తెలుపంటే ఇంత తెల్లగా ఉంటుందన్న మాట మర్చిపోయానన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, ఆవిడ కప్పుకున్న శాలువా కొస పట్టుకున్నాడు.

"ఇది ఊదానా?"

"అవునండీ."

"గోధుమరంగని నేనే కొన్నాను కదే దీన్ని."

"అవును. కొన్నారు."

ఆయన నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. పదేళ్ళుగా ఊదా శాలువా కప్పుకుని, అది గోధుమరంగని ఒప్పుకుంటూ వచ్చిన ఆడది ఇంకేం ఒప్పుకుందోనన్న అనుమానం ఆయనకి ఇంకా రాలేదు. వస్తుందని ఆవిడకి తెలుసు.

ఇంటికి వెళ్ళి పడుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఆయన ముందు తన బొమ్మలు చూడాలన్నాడు. జనం లేనప్పుడు, ఒక్కడే, మొదటినుంచి చివరిదాకా. కారు నడుపుతున్న బావమరిది, నల్లద్దాలు పెట్టుకో బావా, లేకపోతే డాక్టరమ్మ నన్ను ఉతుకుతుంది అని దారిపొడుగునా మొత్తుకున్నాడు. ఆయన అద్దాలు ఒళ్ళో పెట్టుకుని బస్సుల రంగులు పైకి చదువుతున్నాడు, దుకాణాల తలుపులు, దండెం మీది బట్టలు, కూరల బండి మీద వంకాయలు. ఒక్కో రంగు పేరు చెప్పినప్పుడల్లా వెనక సీట్లో ఆవిడ శాలువాని ఇంకాస్త ఒళ్ళోకి కుక్కుకుంటోంది. ఒక మాట చెప్పాలండీ అని రెండుసార్లు మొదలుపెట్టి, తమ్ముడి మెడ చూసి నీళ్ళు నమిలింది. తర్వాత చెబుదువులే, ముందు చూడనీ అన్నాడాయన. ఆ 'చూడనీ' అన్న మాటలో ఎంత ఆశ ఉందో విని, ఆవిడ ఇక నోరెత్తలేకపోయింది.

ప్రదర్శనశాలలో దీపాలు సర్దుతున్నారు. వేళకాని వేళ వచ్చిన వీళ్ళని చూసి, ఆ ఏర్పాట్లన్నీ చూస్తున్న గ్యాలరీ యజమాని గాభరాగా ఎదురొచ్చాడు. నాలుగో గదిలో గోడ మీద మరకలు పడ్డాయని, తెల్లరంగు దిద్దిస్తున్నానని, ఈలోగా మిగతా గదులు చూడమన్నాడు. తెల్లరంగు అన్న మాట చెవిన పడగానే ఆవిడకి ఆనాటి రోలరు గుర్తొచ్చింది.

మొదటి గదిలో హోర్డింగుల ఫోటోలూ ముఖచిత్రాలూ ఉన్నాయి. మొటిమలు చూసి ఆయన ముచ్చటపడ్డాడు. రెండో గదిలో కిటికీల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఫరవాలేదు, కుర్రాడి చేతిలో పనితనం ఉంది అన్నాడు, ఎవరి గురించో చెబుతున్నట్టు. మూడో గదిలో మంచం కింద దాగి బతికిన రెండు గీతల బొమ్మల ముందు ఆగి, భార్య వైపు చూసి తల వంచుకున్నాడు. అప్పుడైనా చెప్పేస్తే బాగుండేది. ఆవిడ చెప్పేలోపే ఆయన నాలుగో గది గుమ్మం దాటేశాడు.

గదంతా నీలంగా, ఊదాగా ఉంది. పనివాళ్ళు టీకి వెళ్ళినట్టున్నారు, గోడవారగా తెల్లరంగు బకెట్టు, అందులో రోలరు ఉన్నాయి.

ఆయన మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. దగ్గరగా చూశాడు, పక్కకి వంగి కుంచె జాడ చూశాడు. ఒక చేత్తో కుడికన్ను మూసుకున్నాడు, తీశాడు. ఎడమకన్ను మూసుకున్నాడు, తీశాడు. శుక్లం ఉన్న ఎడమకంటికి తను వేసిన ఇటుకగోడ కనబడుతోంది. కుడికంటికి అక్కడ నీలపు గోడ ఉంది. రెండో బొమ్మ దగ్గరా అంతే చేశాడు, మూడో దాని దగ్గరా. ఆయన మెడ నరాలు మెల్లగా ఉబ్బడం ఆవిడ చూస్తోంది.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?" అని గ్యాలరీ యజమాని వైపు తిరిగాడు.

ఆ మెత్తటి మనిషి తెల్లబోయాడు. ఎవరూ ముట్టుకోలేదని, మీ ఇంటినుంచి ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయని చెప్పబోయాడు. ఆయన వినలేదు. బేరం కోసం ఎవడితోనో రంగులు పూయించావన్నాడు. దొంగవన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. బావమరిది మధ్యలోకి వెళ్ళి బావా బావా అని చేతులు పట్టుకోబోతే విదిలించేశాడు. గ్యాలరీ యజమాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళుగా తమకి అన్నం పెట్టిన మనిషి అలా మాట పడుతుంటే ఆవిడకి ఇక మింగడమా కక్కడమా అన్న మీమాంస మిగల్లేదు.

"ఆయన్ని అనకండి" అంది. "రంగులు మార్చింది నేను."

తమ్ముడినీ, గ్యాలరీ యజమానినీ బయటికి వెళ్ళమంది. వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, పలక మీద చోట్లు మార్చిన సంగతి మొదటినుంచీ చెప్పింది. ఆయన వింటూనే వెళ్ళి బకెట్టులోంచి రోలరు తీశాడు. తెల్లరంగు బొట్లుబొట్లుగా నేల మీద పడుతోంది. ఆవిడ అడ్డం వెళ్ళలేదు. అడ్డం వెళితే ఆయనకి పంతం రెట్టింపవుతుందని ఇన్నేళ్ళ కాపురం నేర్పింది. ఆ బొమ్మలు పోతే ఆయన పేరొక్కటే పోదు, తను ఒంటరిగా కూర్చుని ఆలోచించిన ఆ రాత్రులన్నీ దానితోపాటే పోతాయి.

ఆయన రోలరుతో మొదటి బొమ్మ చూపించాడు. "ఇక్కడ నేనేం అడిగాను?"

"ఇటుకరంగు."

"నువ్వేం ఇచ్చావు?"

"నీలం."

"దీనికి?"

"గోధుమరంగు చోట ఆకుపచ్చ. పైన మాత్రం మీరడిగిన పసుపే."

అలా గది చుట్టూ నడిపించాడు. ఏ బొమ్మకి ఏం అడిగాడో, తనేం ఇచ్చిందో, ఏ చోట ఆయన మాటే ఉంచిందో ఆవిడ తడుముకోకుండా చెప్పింది. అడుగుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గుతోంది. అది కోపం చల్లారడమో ముదరడమో ఆవిడకి తెలియడం లేదు. మూలన చిన్నది ఒకటి ఉంది, ఆ గదిలో దాన్ని ఎందుకు పెట్టారో గ్యాలరీ యజమానికే తెలియాలి. అంతా ఒకటే రంగు, బురద రంగు.

"ఇది?"

"అప్పుడు నాకు జ్వరం. రంగులు మీరే పిండుకున్నారు."

"అంటే ఇందులో నువ్వు చెయ్యి పెట్టలేదు."

"లేదండీ. అంతా మీదే."

ఆయన దాని దగ్గరికి వంగాడు. ఎడమకన్ను మూసి చూశాడు. ఇదొక్కటే నాది, మిగతావన్నీ చెత్త అంటాడని, ఆ రోలరు లేస్తుందని ఆవిడ అనుకుంది.

"దరిద్రంగా ఉంది" అన్నాడు.

అబద్ధమాడే అలవాటున్న ఆవిడ నోటికి కూడా ఆ క్షణాన ఒక్క అబద్ధం దొరకలేదు.

కళ్ళు పోయాయని నాకెందుకు చెప్పలేదని అడిగాడు. రెండుసార్లు చెప్పానంది. ఆయనకి ఆ వారం రోజుల మౌనం, పెరట్లోకి విసిరిన కుంచెలు గుర్తొచ్చినట్టున్నాయి, మళ్ళీ అడగలేదు. కాసేపటికి వేరే ప్రశ్న వేశాడు.

"ఆపరేషన్ చేయిస్తే ఇదంతా బయటపడుతుందని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరి తెలిసి తెలిసి నన్నెందుకు లాక్కెళ్ళావు? ఊరుకుంటే నీ జోలికి వచ్చేవాడెవడు?"

"కన్ను పోతుందన్నారు" అంది ఆవిడ. "మీ కన్ను పోతుందంటే నేనెలా ఊరుకుంటానండీ?"

చెప్పి, అప్పుడు ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకి చేతనయిన పని కాదు, ఆ పూట చేయాలనీ లేదు. మోసపోయిన మనిషి ముఖం అలాగే ఉంది. రోలరు బకెట్టులో పడేసి, చేతికంటిన తెలుపు ప్యాంటుకి తుడుచుకుని, అన్నిటికన్నా పెద్ద బొమ్మ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. అది ఒక ఇంటి లోపలి గుమ్మం, దాని వెనక చీకటి, చీకటంతా ఊదా. గడప మీద ఒక ఎర్రటి చార ఉంది. బయట కార్లు ఆగుతున్న చప్పుళ్ళు వినబడుతున్నాయి, తలుపు సందులోంచి తమ్ముడు రెండుసార్లు తొంగిచూసి పోయాడు.

"ఆ ఎరుపు ఎక్కువైంది" అన్నాడు చివరికి.

"ఎక్కువ కాలేదు" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

"సగం చాలు."

"సగమైతే గడప కనబడదు."

ఆయన తల తిప్పి ఆవిడని చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ వంట గురించి వాదించింది, ఆయన మొండితనం గురించి వాదించింది. రంగు గురించి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆవిడకీ ఆ సంగతి అన్నాకే తెలిసింది. వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చారు, నాలుగు గదులూ నిండిపోయాయి. గ్యాలరీ యజమాని ఎర్రబడ్డ కళ్ళతో, కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, చిత్రకారుడి నోటివెంట ఏం వస్తుందోనని వణుకుతున్నాడు. ఆయన బెంచీ మీంచి లేవలేదు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన ఊరుకుంటే తను బతికినన్నాళ్ళూ ఈ భారం మోయాలి. నిజం చెప్పేస్తే ఈ గది మొత్తం దొంగసొత్తవుతుంది. రెండూ ఆవిడకి ఒకేలా భయంగా ఉన్నాయి.

పత్రికల్లో రాసే ఒక పెద్దమనిషి పెద్ద బొమ్మ ముందు నిలబడి, చుట్టూ పదిమంది పోగయ్యాక, చిత్రకారుడి వైపు వంగాడు. ఇన్నేళ్ళుగా అడగాలనుకుంటున్నానని, ఏ చిత్రకారుడైనా నలుపు వేసే చీకటిని ఇలా ఊదాలో వేయాలని మీకెలా తోచిందని ఎంతో వినయంగా అడిగాడు.

"నాకు తోచలేదు" అన్నాడాయన. "ఆవిడనడగండి."

పెద్దమనిషి అది హాస్యమనుకుని నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. చిత్రకారుడు నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కొత్తగా వచ్చిన కంటితో భార్యనే చూస్తూ కూర్చున్నాడు, సాయం చేసే ఉద్దేశం ఏ కోశానా కనబడలేదు. ఒక్కొక్కరే నవ్వు ఆపి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గోడ వదిలి ఒక అడుగు ముందుకేసి, బొమ్మలోని గుమ్మం వెనక చోటు చూపించింది.

"అక్కడ ఆయన నలుపు అడిగారు" అంది. "నేను ఇవ్వలేదు."